ఈస్టులు: వర్గీకరణ పరిశోధన, పారిశ్రామిక వినియోగం

ఈస్టులు ఏకకణ శిలీంధ్రాలు. వీటిలో ఎక్కువ భాగం మొగ్గ తొడిగి పెరుగుతాయి: తల్లికణం పక్కన చిన్న బుడిపె లేచి, అది ఎదిగి, విడివడి మరో కణమవుతుంది. కొన్ని మాత్రం నడుమ అడ్డుగోడ కట్టుకొని రెండుగా చీలతాయి. కణం పొడవు సాధారణంగా 3 నుంచి 10 మైక్రోమీటర్లు. పండ్ల తొక్క మీద, పూల మకరందంలో, చెట్ల బెరడు నుంచి కారే రసంలో, మట్టిలో, సముద్రపు నీటిలో, పురుగుల పేగుల్లో, మనిషి చర్మం మీద ఇవి బతుకుతాయి. రొట్టె పొంగడం, ద్రాక్షరసం వైన్ కావడం, చెరకు మొలాసిస్ నుంచి ఇంధన ఇథనాల్ రావడం, హెపటైటిస్ బి టీకా తయారు కావడం వీటి వల్లనే.

ఈస్టు అనేది ఒక వంశం పేరు కాదు, ఒక బతుకు తీరు పేరు. గబ్బిలమూ కాకీ తూనీగా మూడూ ఎగిరినా ఒక కుటుంబం కావు. అలాగే శిలీంధ్రాల్లో వేర్వేరు శాఖలు వేర్వేరు కాలాల్లో ఏకకణ జీవితానికి చేరుకున్నాయి. రొట్టె ఈస్టు శాకరోమైసెస్ సెరివిసియే ఆస్కోమైకోటా విభాగానిది. స్నానాల గది గచ్చు మీద గులాబీ రంగు పూతలా పట్టే రోడోటోరులా బెసిడియోమైకోటాకు చెందింది. దానికి రొట్టె ఈస్టు కన్నా పుట్టగొడుగే దగ్గరి చుట్టం.

శాస్త్రీయ నామంలో ప్రజాతి ముందు, జాతి తరవాత వస్తాయి. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందుండడం లాంటిదే ఇది. ఈస్టుల గురించి చదివేవారిని తికమక పెట్టేది కూడా ఇక్కడే: ఈ ఇంటిపేర్లు మాటిమాటికీ మారాయి. దత్తత పోయినవి ఉన్నాయి, ఒకే ప్రాణి రెండిళ్ళలో రెండు పేర్లతో నమోదైన సందర్భాలూ ఉన్నాయి. ఇది పుస్తకాల్లో పండితుల తగాదా మాత్రమే అనుకోకూడదు. ఆహారంలో ఏ ఈస్టును వాడవచ్చో, దేన్ని రోగకారకంగా చూడాలో నియంత్రణ సంస్థలు జాతి పేరును బట్టే నిర్ణయిస్తాయి. ఈస్టుల వర్గీకరణ శాస్త్రంగా నిలదొక్కుకున్నది కూడా ఒక బీరు కర్మాగారంలోనే. అందుకే ఈ వ్యాసంలో వర్గీకరణనూ పరిశ్రమనూ విడదీయకుండా చెప్పుకుందాం.

పులిసేవన్నీ ఈస్టు పని కాదు

తెలుగు నాట ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగితే అది ఈస్టు మహిమే అనుకునేవారు చాలామంది. ఆ పొంగుకు ప్రధాన కారణం ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బాక్టీరియా. పప్పుతో, బియ్యంతో వచ్చి చేరే ఈస్టులు దానికి తోడు మాత్రమే. కల్లు సంగతి వేరు. తాటి గెల నుంచి, చెక్కిన ఈత మొవ్వు నుంచి కారే రసంలో చక్కెర పుష్కలం. పాత లొట్టి అడుగున మిగిలిన మడ్డి నుంచి, వాలే పురుగుల నుంచి, గాలి నుంచి ఈస్టులు అందులో చేరతాయి. శాకరోమైసెస్‌తో పాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా ఆల్కహాలు పుట్టిస్తుంది. తెల్లవారుజామున దించినప్పుడు తియ్యగా ఉన్న కల్లు పొద్దెక్కేకొద్దీ నురగ కట్టి పులిసేది ఈ సంత వల్లే. నీరా, అంటే పులియని రసం, కావాలనుకున్నప్పుడు లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నపు క్షారగుణం ఈ సూక్ష్మజీవులను ఎదగనీయదు.

ఇలాగే పులిసే, ఆఫ్రికాలో చిరుధాన్యాలతో చేసే బీరు నుంచి 1893లో పౌల్ లిండ్నర్ ఒక కొత్త ఈస్టును వేరుచేశాడు. అది మొగ్గ తొడగదు, నడిమికి చీలుతుంది. స్వాహిలీ భాషలో బీరును పోంబే అంటారు. ఆ మాటే దాని పేరులో చేరి స్కిజోశాకరోమైసెస్ పోంబే అయింది. చూడడానికి రొట్టె ఈస్టుకు తోబుట్టువులా ఉన్నా, వంశవృక్షంలో ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ. కణవిభజనను నడిపే జన్యువుల కోసం లీలండ్ హార్ట్‌వెల్ రొట్టె ఈస్టులో వెతికితే, పాల్ నర్స్ పోంబేలో వెతికాడు. అంత దూరపు చుట్టాల్లోనూ ఒకే ఏర్పాటు కనిపించడంతో అది మనిషి కణాల్లోనూ ఉంటుందన్న నమ్మకం బలపడింది. 2001లో టిమ్ హంట్‌తో కలిసి వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రాణి అని ఒప్పుకోవడానికి

1680లో ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ తాను చేసుకున్న సూక్ష్మదర్శినితో బీరు చుక్కను చూసి, అందులోని గుండ్రని రేణువుల గురించి లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. అవి ప్రాణులని ఆయన అనుకోలేదు. ఆ మాట అనడానికి మరో 150 ఏళ్ళు పట్టింది. 1837 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో కాన్యార్ ద లాతూర్, జర్మనీలో థియొడోర్ ష్వాన్, ఫ్రీడ్రిఖ్ క్యూట్జింగ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ రేణువులు మొగ్గ తొడిగి పెరుగుతున్నాయని, చక్కెర ఆల్కహాలుగా మారడం వాటి జీవక్రియ అని చెప్పారు. ష్వాన్ దీన్ని చక్కెర శిలీంధ్రం అన్నాడు. అదే అర్థంతో మేయెన్ శాకరోమైసెస్ అనే పేరు పెట్టాడు.

అప్పటి రసాయన శాస్త్ర దిగ్గజాలు దీన్ని ఎద్దేవా చేశారు. 1839లో లీబిగ్, వోలర్ నడిపే పత్రికలో పేరు లేకుండా ఒక వెటకారపు వ్యాసం వచ్చింది: ఈ జీవులు చక్కెర తిని ఒకవైపు నుంచి ఆల్కహాలు, మరొకవైపు నుంచి బొగ్గుపులుసు వాయువు వదులుతున్నాయట అని. లూయీ పాశ్చర్ 1857 నుంచి వరసగా చేసిన ప్రయోగాలతో జీవం పక్షం గెలిచింది. గాలి ఆడితే ఈస్టు తక్కువ చక్కెరతో ఎక్కువగా పెరుగుతుందని, గాలి ఆడకపోతే ఆల్కహాలు చేస్తూ కొద్దిగానే పెరుగుతుందని ఆయన గమనించాడు. రొట్టె ఈస్టు పరిశ్రమ ఈనాటికీ ఈ గమనింపు మీదే నడుస్తోంది. అయితే రసాయనవాదుల మాటలోనూ ఒక పాలు నిజముందని 1897లో తేలింది. ఎడువార్డ్ బుఖ్నర్ ఈస్టును ఇసుకతో నూరి పిండిన రసం, ఒక్క బతికిన కణం లేకుండానే, చక్కెరను పులియబెట్టింది. ఎంజైమ్ అనే మాటకు గ్రీకు మూలంలో అర్థమే ‘ఈస్టులో ఉన్నది’. 1907లో బుఖ్నర్‌కు నోబెల్ వచ్చింది. జీవరసాయన శాస్త్రం ఈ రసం నుంచే మొదలైందని చెప్పడం అతిశయోక్తి కాదు.

కార్ల్స్‌బర్గ్‌లో ఒక్క కణం

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో బీరు తయారీదారు జె. సి. యాకబ్సెన్ 1875లో తన కర్మాగారానికి అనుబంధంగా ప్రయోగశాల స్థాపించాడు. అక్కడ పనిచేసిన ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్‌కు తక్షణ సమస్య ఒకటి ఎదురైంది. కొన్ని తొట్లలో బీరు చేదెక్కి వాసన కొడుతోంది. చెడిపోవడానికి బాక్టీరియాయే కారణమని పాశ్చర్ చెప్పిన రోజులవి. హాన్సెన్ చూపింది మరొకటి: మంచి ఈస్టులో అడవి ఈస్టులు కలిసిపోయాయి. ఆకారం చూస్తే తేడా తెలియదు.

ఆయన ఎంచుకున్న మార్గం ఓపికతో కూడుకున్నది. కణాలున్న ద్రవాన్ని పలచన చేస్తూ పోయి, సూక్ష్మదర్శిని కింద ఒకే ఒక్క కణం కనిపించేదాకా వచ్చి, ఆ ఒక్క కణం సంతతినే పెంచాడు. 1883లో ఆ శుద్ధ ఈస్టుతో కర్మాగారంలో బీరు కాచారు. కార్ల్స్‌బర్గ్ అడుగు ఈస్టు నంబర్ 1గా పేరుపడ్డ ఆ ఈస్టును యాకబ్సెన్ రహస్యంగా దాచుకోలేదు. అడిగిన ఇతర కంపెనీలకు ఇచ్చాడు. వ్యాపార చరిత్రలో ఇది అరుదైన ఔదార్యం. ఐరోపా బీరు పరిశ్రమ కొద్ది ఏళ్ళలోనే శుద్ధ వర్ధనానికి మారడానికి ఇదొక ముఖ్య కారణం.

వర్గీకరణకు హాన్సెన్ చేసిన మేలు ఇంకా పెద్దది. ఆకారాన్ని నమ్మడం మానేసి ఆయన కణం ప్రవర్తనను నమ్మాడు. జిప్సం దిమ్మె మీద ఆకలితో ఉంచితే ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎన్ని గంటలకు సిద్ధబీజాలు కడుతుంది? ద్రవం మీద పొర కడుతుందా? ఏ చక్కెరలను పులియబెడుతుంది? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే జాతి లక్షణాలు అన్నాడు. 1908లో లాగర్ బీరు ఈస్టుకు శాకరోమైసెస్ కార్ల్స్‌బర్గెన్సిస్ అని పేరు పెట్టాడు. అంతకన్నా ముందునుంచే ఉన్న శాకరోమైసెస్ పాస్టోరియానస్ అనే పేరే ఇప్పుడు చెల్లుతోంది.

డెల్ఫ్ట్ మహిళల గ్రంథం

ఇరవయ్యో శతాబ్దంలో ఈస్టుల వర్గీకరణకు కేంద్రం నెదర్లాండ్స్. 1904లో ఏర్పడిన శిలీంధ్రాల భాండాగారానికి యోహన్నా వెస్టర్‌డైక్ సంచాలకురాలు. 1917లో ఆమె ఆ దేశంలో మొదటి మహిళా ప్రొఫెసర్ అయ్యారు. భాండాగారపు ఈస్టు విభాగం డెల్ఫ్ట్‌లో ఆల్బర్ట్ యాన్ క్లూయ్‌వర్ ప్రయోగశాలలో ఉండేది. అక్కడ సిద్ధబీజాలు కట్టే ఈస్టుల మీద 1931లో స్టెల్లింగ్-డెకర్, కట్టనివాటి మీద 1934లో యాకొమీనా లోడర్, 1942లో లోడర్‌తో కలిసి డిడ్డెన్స్ గ్రంథాలు వెలువరించారు. 1952లో లోడర్, క్రేగర్ వాన్ రే కలిసి తెచ్చిన ‘ద ఈస్ట్స్’ అనే గ్రంథం ఈ శాస్త్రానికి నిఘంటువైంది. ఈస్టు శాస్త్రం పునాదుల్ని ఎక్కువగా మహిళలే వేశారన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో రావలసినంతగా రాలేదు.

తొలి కూర్పులో సుమారు 165 జాతులున్నాయి. 1998 నాటి నాలుగో కూర్పులో 700 దాటాయి. కర్ట్జ్‌మన్, ఫెల్, బూఖౌట్ సంపాదకత్వంలో 2011లో వచ్చిన అయిదో కూర్పులో దాదాపు 1500.

డెల్ఫ్ట్ పద్ధతిలో ఈస్టును గుర్తించడమంటే దానికి వరసగా విందులు పెట్టడమే. ఒక్కో పరీక్షనాళికలో ఒక్కో చక్కెర: గ్లూకోజ్, గాలక్టోజ్, సుక్రోజ్, మాల్టోజ్, లాక్టోజ్, రాఫినోజ్. లోపల బోర్లించిన చిన్న గాజు గొట్టంలో గాలి బుడగ చేరితే పులియబెట్టినట్టు. బుడగ లేకున్నా ద్రవం మసకబారితే ఆ చక్కెరను తిని పెరిగినట్టు. అమెరికాలో పియోరియా ప్రయోగశాలకు చెందిన వికర్‌హామ్ 1951 నాటికి ఈ విందుల జాబితాను ఎన్నో రెట్లు పెంచాడు.

ఈ పద్ధతి లోపం పద్ధతిలోనే ఉంది. గాలక్టోజ్ తినగలగడం, తినలేకపోవడం ఒక్కోసారి ఒక్క జన్యువు తేడా. కార్ల్స్‌బర్గ్‌లో ఓయ్విన్ వింగే 1930ల్లో ఈస్టుల లైంగిక చక్రాన్ని నిరూపించి, వేరే జాతులుగా పేరుపొందినవాటి మధ్య సంకరం చేయించి చూపాడు. ఒకే ఇంటి పిల్లల్లో ఒకరు పాలు తాగుతారు, ఒకరు తాగరు. అంతమాత్రాన ఇంటిపేరు మారదు కదా. అయినా ఈ కారణంతో శాకరోమైసెస్‌లో డజన్ల కొద్దీ జాతులు పుట్టుకొచ్చాయి, తరవాత సెరివిసియేలో కలిసిపోయాయి.

క్లూయ్‌వర్, వాన్ నీల్ 1924లో ఇంకో విచిత్రం గమనించారు. కొన్ని ఈస్టులు సిద్ధబీజాలను పైకి చిమ్ముతాయి. పళ్ళెం మూత మీద పడి అవి కింది ఈస్టుకు అద్దంలో ప్రతిబింబంలా పెరుగుతాయి. ఇలా చిమ్మడం పుట్టగొడుగుల లక్షణం. ఈస్టుల్లో పుట్టగొడుగుల చుట్టాలున్నాయన్న ఊహకు రుజువు 1967లో జపాన్‌లో దొరికింది. రోడోటోరులా లైంగిక చక్రాన్ని బన్నో కనుగొన్నాడు. అది బెసిడియోమైకోటా తరహాదే.

డీఎన్ఏ తెచ్చిన కదలిక

1970ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో హెర్మన్ ఫాఫ్ బృందం రెండు ఈస్టుల డీఎన్ఏ పోగులను విడదీసి, ఒకదాని పోగు మరొకదానితో ఎంత మేరకు జతకడుతుందో కొలిచింది. నూటికి 80 పాళ్ళు ప్రాంతంలో జతకడితే ఒకే జాతి అనే లెక్క నిలిచింది. ఇది నమ్మకమైన పద్ధతే గాని ప్రతి జతకూ విడిగా ప్రయోగం చేయాలి. వంద ఈస్టులుంటే వేల ప్రయోగాలు.

ఆ బరువు దించినవారు పియోరియాలోని క్లీటస్ కర్ట్జ్‌మన్, క్రిస్టీ రాబ్నెట్. కణంలో ప్రోటీన్లు కట్టే రైబోసోమ్ జన్యువులో 600 అక్షరాలంత చిన్న ముక్క డి1/డి2 భాగం. వారు అప్పటికి తెలిసిన ఆస్కోమైకోటా ఈస్టులు సుమారు 500 జాతుల్లో ఆ ముక్కను చదివి 1998లో ప్రచురించారు. నూటికి ఒకటి కన్నా ఎక్కువ తేడా ఉంటే సాధారణంగా వేరే జాతి. మర్నాడే ప్రపంచంలో ఎవరైనా తమ సీసాలోని ఈస్టు అక్షరాలను ఈ పట్టికతో సరిచూసుకోగలిగారు. బెసిడియోమైకోటా ఈస్టులకు ఇటువంటి పట్టికను 2000లో ఫెల్ బృందం ఇచ్చింది. ఈ శాస్త్రంలో అన్నింటికన్నా ఎక్కువ మందికి ఉపయోగపడ్డ పని ఈ రెండు పట్టికలే అని చెప్పవచ్చు. 1996లో శాకరోమైసెస్ సెరివిసియే జన్యురాశి మొత్తం చదవడం పేరుకు ఇంకా పెద్ద ఘనత: 16 క్రోమోసోములు, 1.2 కోట్ల అక్షరాలు, సుమారు 6000 జన్యువులు. కేంద్రకం ఉన్న జీవుల్లో పూర్తిగా చదివిన మొదటి జన్యురాశి అది.

పట్టిక రావడంతో పాత కుటుంబాలు చెదిరాయి. పికియా అనే ప్రజాతిలో ఉన్నవాటిలో చాలావాటికి అసలు బంధుత్వమే లేదని తేలింది. టీకాల పరిశ్రమలో ప్రసిద్ధమైన పికియా పాస్టోరిస్‌ను జపాన్ శాస్త్రవేత్త కొమగాటా పేరిట కొమగటెల్లా ప్రజాతికి మార్చారు. తరవాత అందులోనూ రెండు జాతులున్నాయని కర్ట్జ్‌మన్ చూపాడు. ఫ్రాన్స్‌లో చెస్ట్‌నట్ చెట్టు నుంచి తీసింది కొమగటెల్లా పాస్టోరిస్. కాలిఫోర్నియా ఓక్ చెట్టు మీద దొరికింది, ఫాఫ్ పేరు మోస్తున్నది, కొమగటెల్లా ఫాఫీ. పరిశ్రమలో విస్తారంగా వాడుతున్నది ఈ రెండోదే. కర్మాగారాల్లో మాత్రం ఇప్పటికీ అందరూ పికియా అనే పిలుస్తారు.

కాండిడా కథ ఇంకా చిక్కుది. లైంగిక దశ కనిపించని ఈస్టులన్నిటినీ ఒకప్పుడు ఆ ప్రజాతిలో వేసేవారు, అనాథాశ్రమం లాంటిది. అదే ప్రాణి లైంగిక దశ దొరికితే దానికి మరో పేరు. 2013 జనవరి 1 నుంచి ఒక శిలీంధ్రానికి ఒకటే పేరు అన్న నియమం వచ్చింది. ఆ నియమం ఎందుకు అవసరమో 2018లో వచ్చిన ఒక పరిశోధన కళ్ళకు కట్టింది. ఆసుపత్రుల్లో రోగుల రక్తంలో దొరికే కాండిడా క్రూసీ, పులిసిన ఆహారాల్లో నిరపాయమని వాడే పికియా కుడ్రియావ్‌జెవీ, ఇస్సాచెంకియా ఓరియెంటాలిస్, గ్లిసరాల్ తయారుచేసే కాండిడా గ్లిసరినోజెనెస్: నాలుగూ ఒకే జాతి. రోగి నుంచి తీసినవాటికీ పర్యావరణం నుంచి తీసినవాటికీ జన్యురాశిలో విభజన రేఖ లేదు. డాక్టరు ఒక పేరుతో భయపడుతున్నదాన్ని ఆహార తయారీదారు మరో పేరుతో నమ్ముతున్నాడు.

2009లో జపాన్‌లో ఒక రోగి చెవి నుంచి వేరుచేసిన కాండిడా ఆరిస్ మందులకు లొంగకుండా ఆసుపత్రుల్లో వ్యాపించింది. చక్కెర పరీక్షల కిట్లు దాన్ని దాని దగ్గరి బంధువు కాండిడా హెమ్యులోనీగా పొరబడుతూ వచ్చాయి. డీఎన్ఏ ముక్క చదివితేనో, ప్రోటీన్ల బరువును బట్టి గుర్తించే యంత్రంలో పెడితేనో దొరికేది. పేరు తప్పితే చికిత్స తప్పుతుంది.

రొట్టె, బీరు, ఇథనాల్

రొట్టె ఈస్టు తయారీలో కోరేది కణాలు, ఆల్కహాలు కాదు. పాశ్చర్ చెప్పినట్టు గాలి దండిగా పంపితే సరిపోవాలి. కాని శాకరోమైసెస్ సెరివిసియేకు ఒక అలవాటుంది: చక్కెర ఎక్కువ దొరికితే గాలి ఉన్నా ఆల్కహాలు చేయడం మొదలుపెడుతుంది. అందుకని మొలాసిస్‌ను ఒక్కసారిగా పోయకుండా, ఆ కణాల ఆకలిని బట్టి కొద్దికొద్దిగా వదులుతారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీలో, డెన్మార్క్‌లో రూపొందిన పద్ధతి ఇది. ఇలా చేస్తే వాడిన చక్కెర బరువులో దాదాపు సగం ఎండు ఈస్టుగా వస్తుంది. వడగట్టి అచ్చుపోసిన తడి ఈస్టులో నూటికి 70 పాళ్ళు నీరు, ప్రతి గ్రాములో వెయ్యి కోట్ల ప్రాంతంలో కణాలు. కిరాణా కొట్లో దొరికే ఎండు ఈస్టు పొడిలో తేమ చాలా తక్కువ. గోరువెచ్చని నీళ్ళు తగలగానే కణాలు లేస్తాయి.

బీరులో రెండు సంప్రదాయాలు. ఏల్ బీరు వెచ్చగా పులుస్తుంది, ఈస్టు పైకి తేలుతుంది; అది సెరివిసియే. లాగర్ చలిలో, 8–12 డిగ్రీల మధ్య, నెమ్మదిగా పులుస్తుంది, ఈస్టు అడుగుకు దిగుతుంది, అది పాస్టోరియానస్. పాస్టోరియానస్ రెండు జాతుల సంకరమని, ఒక సగం సెరివిసియే అని తెలిసింది. మిగతా సగం ఎవరన్నది చాలాకాలం జవాబు లేని ప్రశ్న. 2011లో అర్జెంటీనాలోని పటగోనియా అడవుల్లో, దక్షిణ బీచ్ చెట్ల మీద పెరిగే నారింజ రంగు శిలీంధ్రపు బుడిపెల్లో లిబ్‌కైండ్ బృందానికి అది దొరికింది: శాకరోమైసెస్ యూబయానస్. బవేరియా బీరుకు తల్లి దక్షిణ అమెరికా చివరన ఎలా ఉంది? 2014లో అదే ఈస్టు టిబెట్‌లోనూ దొరికింది. పటగోనియా దాని కన్నా అక్కడిది లాగర్‌కు ఇంకా దగ్గర. ఆ తరవాత ఐర్లండ్‌లోనూ కనిపించింది. వర్గీకరణ అడిగిన ప్రశ్న వల్ల కొత్త లాగర్లు కూడా వచ్చాయి: ఇప్పుడు ఈ అడవి తల్లిని వేరే ఏల్ ఈస్టులతో కలిపి కొత్త సంకరాలు చేస్తున్నారు.

ఇంధన ఇథనాల్‌లో సిద్ధాంత లెక్క ప్రకారం 100 గ్రాముల గ్లూకోజ్ నుంచి 51 గ్రాముల ఇథనాల్ వస్తుంది. పరిశ్రమలో లాభమంతా ఆ 51కి ఎంత దగ్గరగా వెళ్ళామన్నదే. బ్రెజిల్ చెరకు మిల్లుల్లో విడిగా వేసిన ఈస్టు కొద్ది వారాల్లో అడవి ఈస్టుల ముందు ఓడిపోయేది, ఎందుకంటే అక్కడ ఒక్కో విడత తరవాత కణాలను తీసి, ఆమ్లంతో కడిగి మళ్ళీ వాడతారు. ఆ కష్టాన్ని తట్టుకుని తొట్లలో తనంతట తాను నిలిచిన అడవి ఈస్టునే వేరుచేశారు. పిఇ-2 అనే ఆ రకం చాలా మిల్లులకు ఆధారమైంది. మన దేశంలోనూ పెట్రోలులో కలిపే ఇథనాల్ చెరకు రసం, మొలాసిస్, ధాన్యాల నుంచి వస్తోంది, అంటే ఈస్టు నుంచే. గడ్డి, పొట్టు వంటి వ్యర్థాల్లోని జైలోజ్ చక్కెరను సెరివిసియే తినలేదు. 2003లో డెల్ఫ్ట్ శాస్త్రవేత్తలు ఏనుగు పేడలో దొరికిన పైరోమైసెస్ శిలీంధ్రపు జన్యువును దానికి ఎక్కించి ఆ దారి తెరిచారు.

టీకా, విటమిన్, రంగు

హెపటైటిస్ బి తొలి టీకాను వ్యాధి ఉన్నవారి రక్తం నుంచి శుద్ధి చేసేవారు. వైరస్ ఉపరితల ప్రోటీన్ జన్యువును శాకరోమైసెస్‌లో ప్రవేశపెడితే ఆ ప్రోటీన్ దానంతటదే వైరస్ పెంకు లాంటి రేణువులుగా అల్లుకుంటుందని 1982లో తేలింది. అలా తయారైన టీకాకు 1986లో అమెరికా అనుమతి లభించింది. మనుషులకు వాడిన మొదటి జన్యుపునస్సంయోజక టీకా అదే. హైదరాబాదులో కె. ఐ. వరప్రసాద్ రెడ్డి తన తల్లి పేరిట స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన శాన్‌వ్యాక్-బి పికియా ఈస్టులో తయారైంది. భారతదేశంలో ఈ పద్ధతిలో తయారైన మొదటి టీకా అది. దిగుమతి టీకా సామాన్యుడికి అందని రోజుల్లో ధరను నేలకు దించింది. 2021 డిసెంబరులో అనుమతి పొందిన కోర్బెవ్యాక్స్ అనే కోవిడ్ టీకాను కూడా హైదరాబాదులోని బయోలాజికల్ ఇ సంస్థ పికియా ఈస్టులోనే తయారుచేసింది.

పికియాను ఇందుకు ఎంచుకోవడానికి కారణం దాని తిండి. మెథనాల్ తిని బతకగల ఈస్టు ఒకటుందని 1969లో జపాన్‌లో ఒగాటా బృందం కనుగొంది. పికియా కూడా ఆ కోవదే. మెథనాల్ అందగానే దాన్ని జీర్ణం చేసే ఎంజైమ్ జన్యువు ఉధృతంగా పనిచేస్తుంది. ఆ జన్యువు మీట దగ్గర మనకు కావలసిన ప్రోటీన్ జన్యువును అతికిస్తే, కణాలను ముందు దట్టంగా పెంచుకొని, ఆపై మెథనాల్ వదిలి, కోరిన ప్రోటీన్ తీయవచ్చు. ఇన్సులిన్‌కు రెండు ఈస్టులూ పనికొచ్చాయి: నోవో కంపెనీ 1987లో రొట్టె ఈస్టుతో, బెంగళూరులోని బయోకాన్ తరవాత పికియాతో తయారుచేశాయి.

తెలుగు పాఠకుడికి దగ్గరగా తోచే కథ మరొకటి ఉంది. ఇంగ్లండ్ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీలలో కనిపించే తీవ్ర రక్తహీనతను పరిశోధిస్తూ, బీరు కర్మాగారపు వాడేసిన ఈస్టు నుంచి చేసే మార్మైట్ అనే గుజ్జు ఆ వ్యాధిని తగ్గిస్తుందని 1931లో ప్రచురించారు. అందులో ఏముందో అప్పుడు తెలియదు. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1945లో ప్రయోగశాలలో సంశ్లేషించిన లెడర్లే బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణులకు నేడు ఇచ్చే చిన్న మాత్ర వెనుక ఆ ఈస్టు గుజ్జూ ఆయన పరిశోధనా రెండూ ఉన్నాయి.

కర్మాగారాల్లో రైబోఫ్లావిన్ విటమిన్ చేసే ఎరెమొథీషియం గాసిపీ పత్తి కాయలకు తెగులు తెచ్చే దారపు శిలీంధ్రం. చూడడానికి ఈస్టులా ఉండదు, జన్యువుల్లో మాత్రం శాకరోమైసెస్‌కు దగ్గరి దాయాది. ఫాఫ్ జపాన్, అలాస్కాల్లో చెట్ల రసంలో కనుగొన్న ఎర్రని ఈస్టుకు ఆయన పేరే పెట్టారు: ఫాఫియా. దానిలోని అస్టాజాంథిన్ పెంపకపు సాల్మన్ చేపల కండకు గులాబీ రంగునిస్తుంది. క్లూయ్‌వెరోమైసెస్ లాక్టిస్ పాల చక్కెరను విరిచే లాక్టేజ్‌నూ, జున్ను పేరబెట్టే కైమోసిన్‌నూ ఇస్తుంది. జైగోశాకరోమైసెస్ రూక్సీ సోయా సాస్‌కు పరిమళం చేకూరుస్తుంది. తేనె, పానకాలు పులిసిపోవడానికీ అదే కారణం. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు ముడిసరుకైన ఆర్టెమిసినిక్ ఆమ్లాన్ని ఈస్టులో చేయించిన కీస్లింగ్ బృందపు పని 2006లో మొదలై, 2013 నాటికి లీటరుకు 25 గ్రాములకు చేరింది.

అన్ని ప్రయత్నాలూ ఫలించలేదు. 1960ల్లో పెట్రోలియం మైనాన్ని ఈస్టుకు మేపి పశుదాణా ప్రోటీన్ చేయాలని బిపి కంపెనీ ఫ్రాన్స్‌లో మొదలుపెట్టింది. ఇప్పుడు యారోవియా లిపోలిటికా అని పిలిచే ఈస్టు ఆ పనిని బాగానే చేసింది. కాని సార్డీనియా ద్వీపంలో కట్టిన పెద్ద కర్మాగారానికి ఆరోగ్య అనుమతులు రాక అది నడవలేదు. ముడి చమురు ధరలు లెక్కను మరింత చెడగొట్టాయి. ఆ ఈస్టు మాత్రం వృథా కాలేదు. నూనెలు తినే గుణం వల్ల ఇవాళ సిట్రిక్ ఆమ్లం, ఎరిత్రిటాల్ తీపి, మేలైన కొవ్వు ఆమ్లాల తయారీకి అది తిరిగివచ్చింది.

హైదరాబాదు పేరు

కొత్త ఈస్టులు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి, దొరికేవి ఎక్కువగా మన కళ్ళెదుటి వస్తువుల మీదే. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో శివాజీ బృందం వైన్ ద్రాక్షపండ్ల నుంచి వేరుచేసిన ఈస్టుకు 2007లో కాండిడా హైదరాబాదెన్సిస్ అని పేరు పెట్టింది. అదే ఏడు బొప్పాయి పండు నుంచి తీసినది పికియా సెసెంబెన్సిస్. సంస్థ పొట్టిపేరు సి.సి.ఎం.బి. నుంచి చేసిన మాట అది. రెంటికీ డి1/డి2 అక్షరాలు చదివారు, హాన్సెన్ కాలపు సిద్ధబీజ పరీక్షా డెల్ఫ్ట్ కాలపు చక్కెర విందులూ పెట్టారు.

జాతిని వర్ణించిన తరవాత దాని మూల నమూనాను భాండాగారంలో పెట్టాలి. నామకరణ నియమావళి ప్రకారం ఆ నమూనా జీవక్రియ నిలిచిపోయిన స్థితిలో ఉండాలి: తడి ఆరబెట్టి గాజు గొట్టంలో మూసి, లేదా ద్రవ నైట్రోజన్‌లో ముంచి. పియోరియా, నార్విచ్, నెదర్లాండ్స్, చండీగఢ్, పుణె భాండాగారాల్లో ఇటువంటి గొట్టాలు వేలల్లో ఉన్నాయి. ఏ పేరైనా సందేహం వచ్చినప్పుడు పరిశోధకులు ఒక గొట్టాన్ని తెప్పించుకొని, మూత విరిచి, నాలుగు చుక్కల పోషక ద్రవం వేస్తారు. ఒకటి రెండు రోజుల్లో పళ్ళెం మీద తెల్లని చుక్కలు పుడతాయి.